వాకిట్లో ఒక్క బండ

రియాద్‌లో నేను పనికి కుదిరిన ఇంట్లో నన్ను నా పేరుతో ఒక్కనాడూ పిలవలేదు. నాకు ముందు పనిచేసినామె పేరు పిల్లలకు అలవాటైపోయిందట, అదే నాకూ తగిలించారు. కొత్త పేరు నేర్చుకుంటే వాళ్ల నాలుకలు అరిగిపోతాయి మరి. ఆమె ఎక్కడని అడిగితే, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి పోయిందన్నారు.

ఒక వేసవిలో ఇంటి పెద్దాయన ఆపరేషన్‌కని ఆయన, మేడమ్, పిల్లలు జర్మనీ వెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్లారు. మేం దిగిన ఇంటి ముందు ఫుట్‌పాత్‌లో అరచేతంత ఇత్తడి బిళ్లలు పాతి ఉన్నాయి. ఒక ముసలామె మోకాళ్ల మీద కూర్చుని వాటిని గుడ్డతో తోముతోంది. ఇత్తడి తోమడం చూస్తే నా చేతులు ఊరుకోవు. వంటింట్లోంచి నిమ్మచెక్క, ఉప్పు తెచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె ఒక్కో బిళ్ల మీద వేలు పెట్టి పేర్లు చదివి వినిపించింది. మేడమ్ పెద్దమ్మాయిని అడిగితే, ఇక్కడ కాపురమున్న యూదులను నాజీలు పట్టుకుపోయి చంపారని, జనం మరిచిపోకుండా వాళ్ల గడప ముందే పేర్లు పాతారని చెప్పింది. ఇంతలో మేడమ్ వచ్చి, పరాయి వీధి తోమడానికి తెచ్చానా నిన్ను అని ఆ ముసలామె ఎదుటే నా చెంప పగలగొట్టింది.

తిరిగొచ్చాక ఈ సంగతి ఆ ఇంటి డ్రైవర్ రాయచోటి అన్నకు చెప్పాను. ఆయన నన్ను వాకిట్లోకి తీసుకెళ్లాడు.

“నీకు పెట్టిండే పేరామె ఊరికి పోలేదు మే. పైన ట్యాంకు కడుగుతా జారి, ఈడనే పడి సచ్చిపాయ,” అని అక్కడ పరిచిన బండల్లో ఒకటి చూపించాడు. “యాడా అనొద్దు.”

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిన మనిషి పేరుకు ఇన్నాళ్లూ ఐవా, ఐవా అంటూ అరబ్బీలో ఔనౌనని నేను పలుకుతున్నానన్నమాట. ఆ పేరు అక్కడ రాసే ధైర్యం లేదు. అందుకని వాకిలి కడిగేటప్పుడల్లా ఆ ఒక్క బండను సబ్బుతో, బ్రష్షుతో గట్టిగా రుద్దేదాన్ని. కొన్నాళ్లకు దుమ్ము పట్టిన వాకిట్లో అదొక్కటే తెల్లగా కనిపించేది.

అప్పుడే, నలుగురికి మించి పనివాళ్లుంటే ఆ పైవాళ్ల తలకింత అని సర్కారుకు లెవీ కట్టాలని రూలొచ్చింది. ఆ ఇంట్లో ఐదోదాన్ని నేను. ఒకరోజు మేడమ్ ఆ బండ దగ్గర ఆగింది.

“ఇంత తెల్లగా చేయడం వచ్చినదానివి, మిగతావి ఎందుకు వదిలేశావు? నీ మీద లెవీ కడుతున్నాను. సాయంత్రానికి అన్నీ ఇలాగే ఉండాలి. లేదంటే నిన్ను పంపిన ఏజెన్సీకి అప్పగిస్తా.”

ఎండలో ఒక్కొక్క బండే రుద్దాను. చేతుల మీద తోలు లేచింది. పొద్దు గూకేసరికి వాకిలంతా ఒకే తీరుగా తెల్లబడింది. మేడమ్ చూసి మెచ్చుకుంది.

డ్రైవరన్న కారు గేటు లోపల ఆపి, దిగి, కిందికి చూశాడు.

“ఆయమ్మ బండ ఏది మే?” అన్నాడు.

నేను చూపించలేకపోయాను.