లోయలో వెలుగు

ఆ సరిహద్దు పోస్టుకు నేను చేరింది నవంబరు మొదటి వారం, మధ్యాహ్నం రెండింటికి. ఎత్తు పదిహేను వేల అడుగులు. మూడు బంకర్లు, తొమ్మిది మందిమి. ఇసుక బస్తాల వెనక స్టాండు మీద ఒక టెలిస్కోపు. ఎదుటి వాలు మీద ఏది కదిలినా టైముతో సహా రాయడం నా పని.

తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే. నాది సికింద్రాబాద్‌లో యాప్రాల్. రేడియో ఆపరేటర్‌ది రాంగోపాల్‌పేట్. అతనికి చంద్రుణ్ణి చూసే అలవాటు. ఇంటి దగ్గర మేడ మీద చిన్న టెలిస్కోపు పెట్టుకొని చూసేవాడట. చీకటి పడ్డాక మా టెలిస్కోపు ఎలాగూ ఖాళీ. ఆరు నుంచి ఆరూ పది వరకు చూసుకోమని పోస్ట్ కమాండర్ అనుమతి ఇచ్చాడు.

ఒక సాయంత్రం, ఆరూ నాలుగుకు, పిలిచాడు.

"అన్నా, జెర ఇటు రా. జల్ది."

నేను కన్ను ఆనించేసరికి అరనిమిషం పోయింది. చంద్రుడి ఎడమ వైపు అన్నిటికన్నా తెల్లగా మెరిసే గుంట ఒకటి కనిపించింది. ఇంకేమీ లేదు.

"దాని పక్కన ఎర్రగ వెలిగిందన్నా. ఇరవై సెకన్లుండె. పోయింది."

అలాంటి వెలుగులను తనలాంటివాళ్ళు వందల ఏళ్ళుగా చూస్తున్నారని, ఎందుకొస్తాయో ఇప్పటికీ తేలలేదని చెప్పాడు. లోపలి నుంచి వచ్చే వాయువని కొందరు, కంటి భ్రమ అని కొందరు అంటారట. నోటుబుక్కు తీశాడు.

"నీ పేరు సుత రాస్త, సాక్షిగ."

"నేను చూడలే తమ్మీ."

"సరే. ఇంకొకరు చూస్తే కనబడలేదని రాస్త. అది సుత రాయాలె."

అతను నొచ్చుకోలేదు. నాకే మనసులో గుచ్చుకుంది.

జనవరిలో ఒకరోజు, కింది క్యాంపు నుంచి కిరోసిన్ మోస్తూ ఇద్దరు కూలీలు పొద్దున తొమ్మిదికి బయలుదేరారు. కొండ కింది ఊరివాళ్ళు, బావా బావమరుదులు. మూడింటికి మా దగ్గరికి రావాలి. ఒంటిగంటకు మంచు షురూ అయింది. నాలుగయినా రాలేదు. కింది క్యాంపుకూ తిరిగి చేరలేదు.

యాభై అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. గాలి కొట్టినప్పుడు మాత్రం మంచు ఒక్క క్షణం చీలేది. అయిదూ ఇరవైకి అలా చీలినప్పుడు, ఎడమ లోయలో పసుపు వెలుగు కనిపించింది. మళ్ళీ అంతా తెలుపు. ఆ సమయంలో నేనొక్కణ్ణే ఉన్నాను.

చెబితే కింది క్యాంపు నుంచి ఆరుగురు వెతకడానికి ఆ మంచులోకి రావాలి. పైనుంచి మంచు విరిగిపడే చోటు అది. నా కన్ను తప్పయితే ఆరు ప్రాణాలు. చెప్పకపోతే రెండు. ఆపరేటర్ దగ్గరికి వెళ్ళాను.

"ఏమో తమ్మీ, భ్రమేమో."

"నువ్వేమనుకున్నవో వద్దన్నా. ఏం చూసినవో చెప్పు. రంగు?"

"పసుపు."

"ఎంతసేపు?"

"నాలుగు సెకన్లు."

"మల్ల వచ్చిందా?"

"రాలే."

ఉన్నదున్నట్టు హిందీలో కిందికి చెప్పాడు. కింది నుంచి క్యాంపు కమాండర్ అడిగాడు.

"ఎందరు చూశారు?"

"ఒక్కరే సార్."

"నమ్మొచ్చా?"

ఆపరేటర్ నా వైపు తిరగలేదు.

"చూడనిది చూశానని చెప్పే మనిషి కాదు సార్."

ఆరింటికి ఆరుగురు తాడు కట్టుకొని క్యాంపు నుంచి బయలుదేరారు. తెల్లవారి వాళ్ళందరూ క్షేమంగా వచ్చారు. ఆ ఎడమ లోయలోనే దొరికిన కూలీల్లో ఒకడే బతికాడు.

ఏప్రిల్‌లో కొండ దిగాను. మూడు రోజుల రైలు ప్రయాణం తర్వాత సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగితే ఎండకు కళ్ళు తెరవలేకపోయాను. ఇప్పుడు రిటైరై యాప్రాల్‌లోనే ఉంటున్నాను. ఆపరేటర్ ఇంకా చంద్రుణ్ణి చూస్తూనే ఉన్నాడు. ఆ ఎర్ర వెలుగు మళ్ళీ కనబడలేదట. అది ఏమిటో అతనికీ తెలియదు.

ఫైరింగ్ గురించి చెప్పమని కాలనీవాళ్ళు అడుగుతారు. ఆ చలికాలం మేం ఒక్క గుండూ పేల్చలేదు. నన్ను వదలనిది కూలీలను తెచ్చిన ఆ పొద్దున.

టైము ఏడుంబావు. మంచు ఆగింది. లోయలోంచి ఆ ఆరుగురూ రెండు మూటలను స్లెడ్జి మీద లాక్కొస్తున్నారు. వాళ్ళ రేడియో సెట్ బ్యాటరీ చలికి పనిచేయడం లేదు. కింది నుంచి నన్నే అడిగారు, ఎందరు బతికున్నారని. టెలిస్కోపులో చూశాను. రెండూ ఒకే టార్పాలిన్ గుడ్డ, ఒకే పొడవు. ఏది శవమో, ఏది మనిషో తెలియలేదు.

అప్పుడు ఒక మూటలోంచి గ్లవ్ లేని చెయ్యి బయటికి వచ్చింది. పక్క మూట మీద పడింది. నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు, మెల్లగా తడుతూ ఉంది.