తిరగబాక టీచరమ్మా

నిన్న మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి ఎండుచేపలు వేయిస్తున్న వాసన వచ్చింది. పై అంతస్తులోకి కొత్తగా దిగిన అమ్మాయి పొయ్యి మీదిదే. నెల్లూరులో మా అపార్టుమెంటులో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా అర్జీ రాసేది నేనే కాబట్టి, గంట తిరక్కుండా ఇద్దరు తెల్లకాగితం పట్టుకొచ్చారు. నీళ్ల మోటారు గురించి, మెట్ల మీద చెప్పుల గురించి, పక్క ఫ్లాటు టీవీ మోత గురించి నేను రాసిన అర్జీలు సెక్రటరీగారి బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. ఈ ఒక్కటీ రాయనన్నాను. కారణం చెప్పలేదు. చెప్పాలంటే మైపాడు దాకా, పెంచలమ్మక్క దాకా వెళ్లాలి.

మైపాడు బడిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. పెంచలమ్మక్క మా ఎదురింట్లో ఉండేది. బడి వెనకగా సముద్రానికి పోయే దారి పక్కన పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్లనే సన్న చేపలు ఎండబెట్టేది. పొద్దున పరిచి, మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం ఎత్తేదాకా కాకులనూ కుక్కలనూ తోలుతూ కూర్చోవాలి. పక్కన విసరడానికి ఆల్చిప్పల కుప్ప ఉండేది. ఎంత దూరంలో ఉన్న కుక్కకైనా కూర్చున్న చోటు నుంచే గురి తప్పేది కాదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అది చూసి, మూగజీవాలను హింసిస్తోందని పంచాయతీకి అర్జీ పెట్టాను. ఆఫీసుకు పిలిచి మందలించారు. మర్నాడు ఆమె బడి గేటు దగ్గర నిలబడి, పిల్లలందరూ వింటుండగా అడిగింది.

"ఏం టీచరమ్మా, నేను బడికొచ్చి నీ పిల్లోళ్లని కొట్టబాకని చెప్పినానా? నా చేపలకాడికొచ్చి నువ్వెందుకు చెప్తావు?"

అప్పుడు నా చేతిలో బెత్తం ఉంది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వును నేను రెండేళ్లు మర్చిపోలేదు. ఆ రెండేళ్లూ ఎదురింటి మనిషితో మాట్లాడలేదు.

మళ్లీ మాట కలిపింది చిట్టి. బోట్ల చాటున దొరికిన ఆడకుక్క అది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో మెడకు కట్టిన నైలాను తాడు, ఒళ్లు పెరిగేకొద్దీ చర్మంలోకి దిగిపోయింది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి తాడు కోయించి, పుండు మానేదాకా ఇంట్లో పెట్టుకున్నాను. మెడ మానింది కానీ భయం మానలేదు. మెట్ల కింద దూరి ఉండేది. చెయ్యి చాపితే అందనంత దూరం జరిగేది. దండెం తాడు తెగి కిందపడితే ఒక పగలంతా కనిపించలేదు. నేను బిస్కెట్లు పట్టుకుని, ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ పిలిచేదాన్ని. ఎంత పిలిస్తే అంత వెనక్కి పోయేది. ఇంత చేసినా నమ్మదేమని దాని మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఒకరోజు అది నా వెనకాలే దూరదూరంగా నడిచి చేపలు ఆరేసిన చోటికి వచ్చింది. పెంచలమ్మక్క చెయ్యి ఆల్చిప్పల కుప్ప మీదికి పోయింది. అడ్డం పడదామనుకునేలోగా ఆ చెయ్యి ఆగిపోయింది.

"ఇది దొంగది కాదులే," అంది నాతో, రెండేళ్ల మౌనం అసలు లేనట్టు. "దొంగకుక్క నా చెయ్యి చూస్తాది, ఎప్పుడు లేస్తాదా అని. ఇది నా కళ్లు చూస్తా ఉండాది. భయం ఉండేది కళ్లు చూస్తాది. నువ్వేమో గుడ్లురిమి చూస్తావు, ఇంగెట్టా వస్తాది?"

"నేను ప్రేమగానే చూస్తున్నాను."

"అది నీకు తెల్సు. దానికెట్టా తెల్సు? మొగం అటు తిప్పి కూర్చో. కూర్చుని ఈ చేపలు తిరగెయ్యి, ఊరికే ఎందుకు."

కుక్కలను కొట్టి కొట్టి కుక్కలను చదివిన మనిషి ఆమె. అది నేను ఒప్పుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. బడి వదలగానే వెళ్లి, చిట్టికి వీపు పెట్టి కూర్చుని నెత్తళ్లు తిరగేసేదాన్ని. వేళ్లకు పట్టిన వాసన మర్నాటి హాజరుపట్టీకి కూడా అంటేది. తిరిగి చూడాలనిపించినప్పుడల్లా ఆమె "గమ్మునుండు" అనేది. పదకొండో రోజో పన్నెండో రోజో, నా మోచేతికి చల్లగా ఏదో తగిలింది. ముక్కు. నేను కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

అలా చాలా ఏళ్లు గడిచాక నాకు నెల్లూరు బదిలీ అయింది. దొరికిన అద్దె ఇల్లు రెండో అంతస్తు, కింద రోడ్డు, రాత్రీ పగలూ లారీలు. చిట్టి అక్కడ బతకదు. పది రోజుల్లో దానికి ఇల్లు వెతకాలి. మైపాడులో వదిలేస్తే తిండి దొరకక చేపల మీదికి పోతుంది, దెబ్బలు తిని ఎటో పారిపోతుంది. పైగా దాని మెడకు తాడు వెయ్యలేం. ఎవరితో పోయినా తనంతట తాను నడిచి పోవాలి. ముగ్గురు వచ్చారు. ఒకాయన ఈల వేసి పిలిచాడు. పొమ్మన్నాను. ఒకామె మొరుగుతుందా అని అడిగింది. పొమ్మన్నాను. మూడో అతను ఏమీ అనలేదు, కానీ ఒకప్పుడు బస్సులో నా సీట్లో కూర్చుని లేవనివాడు అతనే. అతన్నీ పొమ్మన్నాను.

"శేషమ్మకియ్యి," అంది పెంచలమ్మక్క. శేషమ్మ వాళ్లు అప్పటికి మా వీధి వదిలి, విడవలూరు వైపు సరుగుడు తోపు దాటాక రొయ్యల గుంటల దగ్గర కాపురం ఉంటున్నారు. మనుషుల అలికిడి లేని చోటు.

"ఆమెకు చస్తే ఇవ్వను," అన్నాను. ఆరేళ్ల కిందట శేషమ్మ తన కూతురి ఓణీల పేరంటానికి వీధిలో ప్రతి ఇంటికీ వచ్చి, బొట్టు పెట్టి పిలిచింది. నా గడప ఒక్కటీ దాటేసింది. ఆ రోజు నేను తలుపు దగ్గర పట్టుచీర కట్టుకుని కూర్చుని, మేళం చప్పుడు వింటూ ఉండిపోయాను.

పెంచలమ్మక్క చేపలు ఎత్తడం ఆపింది. "దాటెయ్యలా. మూడుసార్లు వచ్చింది నీ గేటుకాడికి, కుంకం భరిణె పట్టుకోని. నా గడపలో కూర్చోని చూస్తానే ఉండా. నువ్వు పాలల్లో నీళ్లు కలిపినాడని ఆ పాలోడిమీద అరస్తా ఉండావు. అది వచ్చె, నిలబడె, ఎనక్కి పోయె. అసలే పిరికిది. మూడోసారి పోయి ఇంగ రాలా."

"ఆరేళ్లు ఎందుకు చెప్పలేదక్కా?"

"అడిగినావా? నువ్వు అర్జీ రాస్తావు గానీ అడగవు గదా."

ఆ మాటకు నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు ఆదివారం, కుంకుమ భరిణె కొంగులో కట్టుకుని రొయ్యల గుంటల దాకా నడిచాను. శేషమ్మ గుడిసె కనబడగానే కాళ్లు ఆగిపోయాయి. లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. సరుగుడు చెట్ల దాకా వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చాను. అప్పుడు తెలిసింది, గేటు బయట నిలబడ్డం ఎలా ఉంటుందో. చివరికి శేషమ్మే చూసి బయటికి వచ్చింది. నేను ఆమెకు బొట్టు పెట్టాను. "మా చిట్టిని చూడడానికి రావాలి," అన్నాను. ఆమె ముఖం దించుకుని, "ఎప్పుడు రమ్మంటారు టీచరమ్మా," అంది.

నాలుగు సాయంత్రాలు వచ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. మనుషుల కళ్లలోకి చూడడం ఆమెకు మొదటి నుంచీ రాదు. వచ్చి, పక్కకు తిరిగి కూర్చుని, పెంచలమ్మక్కతో కలిసి చేపలు ఏరుతూ ఉండేది. నా దగ్గరికి రావడానికి అన్ని రోజులు తీసుకున్న చిట్టి, ఆమె పక్కకు మూడో రోజే చేరి పడుకుంది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఐదో రోజు శేషమ్మ లేచి, ఇసుకలో ఉత్తరంగా నడవడం మొదలుపెట్టింది. పిలవలేదు. నేను సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. నేను చూస్తే అది నా దగ్గరే ఉండిపోతుంది. పెంచలమ్మక్క నా ఎదురుగా కూర్చుని, నా భుజం మీదుగా చూస్తూ చెప్పింది.

"లేచింది. పోతా ఉండాది. ఆగింది." ఆమె కళ్లు నా భుజం దాటి ఒకచోట నిలిచాయి. "నీకేసి చూస్తా ఉండాది. తిరగబాక టీచరమ్మా."

తిరగలేదు. చేతిలోని నెత్తడి తోక పొడిపొడిగా నలిగిపోయింది.

"ఇంకా చూస్తా ఉండాదా?"

"మాట్లాడబాక." ఒక అల వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చి పోయింది. "పోయింది. శేషమ్మ ఎనకాలే పోయింది. తోపు దాటినారు. ఇంగ ఏడిస్తే ఏడువు."

చిట్టి శేషమ్మ దగ్గర నిండుగా బతికింది. పెంచలమ్మక్క కిందటేడు పోయింది. నాకు ఆ కబురు కర్మ కూడా అయిపోయాక అందింది. ఎవరూ ఒక్క ఫోనైనా చేయలేదు. ఆ ఫిర్యాదు నాకు అలాగే ఉంది, ఉంటుంది. ఆమె నన్ను మార్చిందని చెప్పను. బస్సులో సీటు లాక్కున్నవాడి ముఖం ఇవాళ కనబడినా గుర్తుపడతాను. కానీ ఒక మనిషి నా గడప దాటి పోయిందని రాసిపెట్టుకునే ముందు, నా గేటు దాకా వచ్చి ఉంటుందా అని ఒకసారి ఆగుతున్నాను. అంతే నేర్చుకున్నాను.

నిన్న సాయంత్రం నా తలుపు బయట మెత్తగా అడుగుల చప్పుడు వినబడింది. వచ్చింది, ఆగింది, పై మెట్లెక్కి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. పై అంతస్తు అమ్మాయికి కాగితం సంగతి ఎవరో చెప్పి ఉంటారు. అర్జీలు రాసే ఆవిడ తలుపు కొట్టాలంటే ఎవరికైనా కష్టమే.

లేచి గడియ తీసి, తలుపు బార్లా తెరిచాను. కత్తిపీట, వంకాయలు తెచ్చుకుని, గడపకు వీపు పెట్టి కింద కూర్చున్నాను. మూడోసారి అడుగులు మెట్లు దిగి వచ్చి, నా వెనక ఆగాయి. వంకాయ కోస్తూనే ఉన్నాను.