లివర్ మండుతోందన్న ఆంటీ

కెనడాలోని కిచెనర్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఒక టర్కీ ఆంటీ ఉంటారు. భర్త లేరు. కొడుకు మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. టర్కిష్ మాటల్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించేస్తారు. నేను పప్పు ఇస్తే "నీ చేతికి ఆరోగ్యం" అని మెచ్చుకునేవారు. ఒకసారి, "మా అబ్బాయి నా ముక్కులో పొగలు రేపుతున్నాడు" అన్నారు. "సిగరెట్లు మాన్పించండి ఆంటీ" అన్నాను. కొడుకు మీద బెంగను అలా చెప్పారని తర్వాత తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం.

మొన్న చలికాలంలో ఒక శనివారం పొద్దున ఆవిడ తలుపు తట్టారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చెయ్యి డొక్క మీద పెట్టుకుని, "మై లివర్ బర్నింగ్" అన్నారు.

కంగారుగా కోటు తొడిగించి, కారెక్కించి క్లినిక్‌కి తీసుకెళ్లాను. దారిపొడవునా క్లాసు పీకాను.

"వేపుళ్లు తగ్గించమంటే వింటారా ఆంటీ? ఈ వయసులో అంత ఆయిల్ ఎందుకు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నారు. భయపడుతున్నారేమో అనుకున్నాను.

డాక్టర్ పొట్ట నొక్కి చూశాడు. ఎక్కడా నొప్పి లేదు. చివరికి ఫోన్లో ఒక టర్కిష్ దుబాసీని పిలిచాడు. ఆంటీ చెప్పిందంతా విని ఆ దుబాసీ, "ఆవిడకు జబ్బేమీ లేదు. తట్టుకోలేని దుఃఖాన్ని మేం అలా చెబుతాం. ఈ పొద్దునే టర్కీలో వాళ్ల చెల్లెలు చనిపోయిందట" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కడుపుకోత అన్న మాట వింటూ పెరిగినదాన్ని. ఆ మాటన్న మనిషిని ఎవరైనా సర్జన్ దగ్గరికి లాక్కెళతారా? తోబుట్టువు పోయి ఏడుస్తున్న మనిషికి నేను నూనె గురించి నీతులు చెప్పాను.

తిరిగొచ్చాక ఆవిడను వాళ్ల గుమ్మం దాకా దిగబెట్టి మా ఇంట్లోకి వచ్చేశాను. ఆ తర్వాత ఆవిడ ఎదురుపడతారేమోనని లిఫ్ట్ మానేసి మెట్లు దిగేదాన్ని.

కొన్నాళ్లకు మాంట్రియల్ నుంచి వచ్చిన వాళ్లబ్బాయి మా తలుపు కొట్టాడు.

"మీరు రావట్లేదేమని అమ్మ అడుగుతోంది."

"ఏ ముఖం పెట్టుకుని రాను?" అన్నాను. కంగారులో నేనూ తెలుగు మాటనే ఇంగ్లీషులోకి దించేశాను, నాకు ముఖం లేదని.

అతనికి విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. "మేమూ అలాగే అంటాం. పర్లేదు, రండి."

ఆంటీ సోఫాలో పక్కకు జరిగి చోటిచ్చారు, టీ పోశారు. చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి నన్ను ఊరడిస్తుంటే మరీ కుంచించుకుపోయాను.

"చెల్లెలికి ఏమైంది ఆంటీ?" అన్నాను.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు, కొడుకు తర్జుమా చేస్తున్నాడు. నేను తల వంచుకుని విన్నాను. ఏమైంది అన్న ఆ ఒక్క మాట ఆ శనివారం పొద్దునే, గుమ్మంలోనే అడిగి ఉండాల్సింది.