గేటు గదికి పోయిన వైరు

వేలూరులో యూపీఎస్‌లు బాగుచేసే పని నాది. ఇళ్లల్లో టీవీకీ ఫ్యానుకీ పెట్టుకునేవి వేరు. నేను చూసేవి ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే కంట్రోల్ ప్యానెళ్ల పక్కన ఉంటాయి. కరెంటు పోయాక జనరేటర్ అందుకునేదాకా ప్యానెల్ ఆరిపోకుండా పట్టుకోవాలి, అంతే. పట్టుకున్నంతకాలం నేనొకడిని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. పట్టుకోని రోజు ఫోన్ వస్తుంది. అందుకే నా ఫోన్ మోగితే ముందు నా భుజాలు బరువెక్కుతాయి, తర్వాతే చెయ్యి జేబులోకి వెళ్తుంది.

ఆ వేసవిలో ఎక్కువసార్లు ఫోన్ చేసింది గుడియాత్తం శివార్లలోని ఒక పాల ప్లాంటు మేనేజరమ్మ. చుట్టుపక్కల ఊళ్ల పాలు అక్కడికి చేరతాయి. వాటిని కాచి, చల్లార్చి, ప్యాకెట్లలో నింపుతారు. పాలు ఎంత వేడెక్కాలో, ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో అన్నీ ఒక ప్యానెల్ చూసుకుంటుంది. అది ఒక్క క్షణం ఆరినా గొట్టాల్లో ఉన్న పాలను నమ్మడానికి లేదు. అన్నీ కడిగి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈలోగా పాల బండ్లు గేటు బయట ఎండలో నిలబడి ఉంటాయి.

"అన్నా, మళ్లీ పడిపోయినాది. జనరేటర్ వేసేలోపలే ప్యానెల్ ఆరిపాయ. ఏం బ్యాటరీలు పెట్టినారన్నా మీరు?" అంది ఆమె. చిత్తూరు వైపు మనిషి. గట్టిగా అరిచే రకం కాదు కానీ ఆ రోజు, వెనక నిలబడ్డ ముతలాళి వినాలన్నట్టు, ఆమె గొంతులో ఒక కరుకు ఉంది. ముతలాళి అంటే ప్లాంటు యజమాని.

ఆ బ్యాటరీలు వేసవికి ముందు నేను కొత్తగా పెట్టినవే. వెళ్లి చూస్తే సగానికి సగం చచ్చిపోయి ఉన్నాయి. బ్యాటరీ కంపెనీ వాళ్లతో మాట్లాడి మార్పించాను. కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. మా షాపు ఓనరు బజారులో తరతరాలుగా వ్యాపారం చేసే కుటుంబంవాడు, మాట జారడు. ఆ రోజు మాత్రం, "నువ్వు సరిగా చూసి పెడతా ఉండావా, లేదా అప్పా? వయసైపోయినట్టుండాది నీకు" అన్నాడు. వయసైన మాట నిజమే. ఒక్కో బ్యాటరీ సిమెంటు దిమ్మంత బరువు. ఆటో దొరకని రోజు వాటిని బస్సెక్కించి, పల్లికొండ మీదుగా గుడియాత్తం తీసుకెళ్లి, దింపుకొని, మళ్లీ మోసుకెళ్లాలి. ఇంటికొచ్చాక మా ఆవిడ నడుముకు నూనె రాస్తూ ఏదో అడిగితే, జవాబు చెప్పే ముందే నిద్రపోయేవాడిని.

మూడోసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం. ప్లాంటులో పని ఆపి గొట్టాలు కడుగుతున్నారు. ఆపరేటర్ ప్యానెల్ స్విచ్చి ఆపేసి అన్నానికి వెళ్లాడు. నేను యూపీఎస్ ముందు ఒక డబ్బా బోర్లించుకొని కూర్చున్నాను. దాని చిన్న తెర మీద లోడు చూపించే గీతలుంటాయి. ప్యానెల్ ఆపేశారు కాబట్టి గీతలేవీ ఉండకూడదు. కానీ ఒకటి వెలుగుతోంది. ముందు యూపీఎస్సే తప్పు చూపిస్తోందనుకున్నాను. వెనకవైపు చెయ్యి పెట్టి చూస్తే ఒక వైరు గోరువెచ్చగా ఉంది. నా డ్రాయింగులో లేని వైరు అది.

దాన్ని పట్టుకొని నడిచాను. గోడ పైన కేబుళ్ల మధ్య దూరి, కిటికీ పక్క కన్నంలోంచి బయటికి పోయి, కాంపౌండు గోడ వెంబడి గేటు దాకా వెళ్లింది. గేటు పక్కన వాచ్‌మన్ ఉండే ఒంటి గది. తలుపు తెరిచే ఉంది.

లోపల మంచం మీద ఒక ముసలావిడ దిండుకు ఆనుకొని కూర్చుంది. ముక్కుకు ప్లాస్టిక్ గొట్టం. మంచం కింద ఆక్సిజన్ యంత్రం గురగురమంటోంది. వాచ్‌మన్ నా చేతిలో టెస్టరు చూసి లేచి నిలబడ్డాడు. మేమిద్దరం చాలాసార్లు గేటు దగ్గర పలకరించుకున్నవాళ్లమే.

"కనిపెట్టేసినావా అప్పా?" అన్నాడు.

ఆవిడ ఆయన భార్య. చిన్నప్పటినుంచీ బీడీలు చుట్టిన మనిషి. ఊపిరితిత్తులు పాడైపోయాయి. వేలూరులో పెద్దాసుపత్రిలో చూపించి, యంత్రం పెట్టుకొని ఇంట్లోనే ఉండమంటే తీసుకొచ్చాడు.

"పగలు కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. రాత్రిపూట పని ఉండదు గదా, డీజిల్ దండగని వెయ్యరు. అప్పుడు దీనికి యాడనించి వస్తాది కరెంటు? అందుకని ఆడ కలిపిరి" అన్నాడు.

నాకు అంతా అర్థమైపోయింది. కాసేపటికోసం పెట్టిన బ్యాటరీలు రాత్రిళ్లు గంటలకొద్దీ ఆ యంత్రాన్ని మోస్తున్నాయి. అడుగంటా అయిపోయేదాకా మోసి, తెల్లారేసరికి సగం నిండి, పగలు కరెంటు పోగానే చేతులెత్తేస్తున్నాయి. అట్లా రోజూ ఖాళీ అయ్యే బ్యాటరీ ఎన్నాళ్లు బతుకుతుంది?

"బ్యాటరీ కూడా అయిపోతే?" అని అడిగాను.

"చిన్న సిలిండర్ ఉండాది. కరెంటు వచ్చేదాకా దాన్ని పెడతా. రాలేదంటే ఈమె మొగం చూస్తా కూర్చుంటా."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "పీకేస్తే పీకెయ్ నాయనా. నిలబడి ఎందుకు చూస్తావు?" అంది, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ.

నేను పీకలేదు. అలాగని వదిలేసి పోవడానికీ లేదు. నేరుగా మేనేజరమ్మ గదికి వెళ్లి, చూసిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది.

"నాకు తెలుసన్నా. ఎలక్ట్రీషియన్‌తో నేనే ఇప్పించినా" అంది.

నేను కుర్చీ లాక్కొని కూర్చున్నాను.

"ముతలాళికి తెలిస్తే వాళ్లని ఆ పొద్దే గది ఖాళీ చేయమంటాడు. ఈ యంత్రాన్ని ఎత్తుకొని యాడికి పోతారు వాళ్లు? అందుకని బ్యాటరీలు బాగలేవని చెప్పుకుంటా వచ్చినా. మీ పేరు పాడు చేసినా. వేరే దారి తోచలేదు."

కోపం రావాలి. మా ఓనరు అన్న మాట, బస్సులో బ్యాటరీలు పెట్టినందుకు కండక్టరు పెట్టిన చీవాట్లు, అన్నీ గుర్తొచ్చాయి. కానీ ఆమె కళ్ల కింద నల్లటి చారలు చూస్తే, రోజంతా ఇటు యజమానికీ అటు పాల బండ్లవాళ్లకీ జవాబు చెప్పి చెప్పి నాలాగే అలసిపోయిన మనిషి కనిపించింది. పోట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు.

"ముందే నాకు చెప్పుండొచ్చు గదమ్మా" అన్నాను.

"మీరు ఒప్పుకోరనుకున్నా."

ఒప్పుకునేవాడిని కాదు.

వేలూరు వచ్చి మా ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గల్లాపెట్టె మూత మీద వేళ్లతో కొడుతూ షాపు వెనక్కి చూశాడు. షాపు వెనక ఒక ఇన్వర్టరు, దాంతో పాటు ఇంకా పనికొచ్చే పెద్ద బ్యాటరీ ఒకటి ఉన్నాయి. ఒక ఆఫీసువాళ్లు కొత్తవి పెట్టుకొని మాకు ఇచ్చేసినవి. "అది తీసకపో. నేనిచ్చినానని ఎవరికీ చెప్పొద్దు, రేపటినించి అందరూ వచ్చి నిలబడతారు" అన్నాడు. నన్నన్న మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు. ఆ బ్యాటరీని ఆటో ఎక్కించేటప్పుడు మాత్రం రెండో వైపు తనే పట్టుకున్నాడు.

గేటు గదిలో ఇన్వర్టరు బిగించాను. గదిలో ఉన్న మామూలు కరెంటు లైనుకు దాన్ని కలిపి, గోడ వెంబడి వచ్చిన వైరును అటునుంచి చుట్టుకుంటూ పోయి యూపీఎస్ దగ్గర తీసేశాను. ప్లాంటుకు మళ్లీ బ్యాటరీలు మార్చాం. ఆ తర్వాత మోర్ధానా వైపు గాలివానకు లైన్లు తెగి పట్టపగలు కరెంటు పోయినప్పుడు, జనరేటర్ అందుకునేదాకా ప్యానెల్ నిలబడింది. మేనేజరమ్మ ఫోన్ చేసి, "నిలబడిందన్నా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ముతలాళికి మాత్రం ఇప్పటికీ మొదట పెట్టినవి నాసిరకం బ్యాటరీలనే నమ్మకం. అది మార్చాలని ఆమె ప్రయత్నించలేదు, నేనూ అడగలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు తగ్గుతుంటాయి, పోస్తూ ఉండాలి. వాచ్‌మన్‌కు చూపు సరిగా ఆనదు. ఒకసారి తనే పోయబోయి అంచుల మీదంతా పొర్లించాడు. యాసిడ్ తగిలి లుంగీకి చిల్లులు పడ్డాయి. అప్పటినుంచి నెలకోసారి నేనే వెళ్తున్నాను. మేనేజరమ్మ వేరే ఉద్యోగం దొరికి జోలార్పేట వైపు వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినాయన నేను గేటు గదివాళ్లకు చుట్టాన్ననుకుంటాడు.

మొన్న ఆదివారం వెళ్లడానికి అసలు మనసు లేదు. వారమంతా తిరిగి మోకాళ్లు పట్టేశాయి. మా ఆవిడ, "ఒక పొద్దు పోకుంటే ఏమౌతాదంట?" అంది. అయినా బస్సెక్కాను. నిలబడే వెళ్లాను.

నన్ను చూడగానే ముసలావిడ గొట్టం సర్దుకొని, "పోయిన నెల రాకపోతివే నాయనా? ఆ ఇన్వర్టరు కూతలు పెడతా ఉండాది, నిద్ర లేదు మాకు" అంది.

"ఒళ్లు బాగలేకపాయమ్మా."

"బాగలేకపోతే చెప్పి పంపాల. ఇట్లా చేస్తే ఎట్ల?"

వాచ్‌మన్ ఇబ్బందిగా నా వైపు చూసి, కూర్చోమని చాప పరిచాడు. ఆవిడ ముఖం పోయినసారికన్నా కొంచెం నిండుగా ఉంది. నేను చాప మీద మోకాళ్లు మెల్లగా ముడుచుకొని కూర్చొని, బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.