ఏడు బల్లలు

విరుదునగర్‌లో మా ఇంటి పక్కన కొత్తగా లేత్ షాపు పెట్టారు. పొద్దున్నే కాలిన కటింగ్ ఆయిల్ వాసన వంటింట్లోకి వస్తుంది. అది తగిలినప్పుడల్లా రామసామి మామ గుర్తొస్తాడు. చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడిపోతాను.

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల యంత్రాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో ఆయన పెద్ద ఫిట్టరు. ఇంజనీరింగ్ ముగించి నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. ఒక్కొక్క ఫిట్టరు ఒక్కొక్క యంత్రాన్ని మొదటినుంచి చివరిదాకా తానే బిగించేవాడు. యంత్రంతోపాటు కళుగుమలైలోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళి, నిలబెట్టి, నడిపే ఆడవాళ్ళకు చూపించి వచ్చేవాడు. అందరితో తమిళం మాట్లాడే మామ నాతో మాత్రం మా ఇద్దరి ఇళ్ళలోనూ మాట్లాడే తెలుగులో మాట్లాడేవాడు. "మిషన్ ముందర కూచునే మనిషిని చూడాలమ్మా. చూసినాక చెయ్యి తప్పు చెయ్యదు," అన్నాడొకసారి.

నాకది నత్తనడకలా కనిపించింది. యజమాని వేగం పెంచమనగానే పనిని ఏడు ముక్కలు చేసి ఏడు బల్లలకు పంచాను. మామకు బేరింగుల బల్ల వచ్చింది. కళుగుమలైకి వేరే మనుషులు వెళ్ళసాగారు.

"ఇంక నాకు బేరింగు ఒక్కటేనా?" అని అడిగాడు.

"అందులో మీ చెయ్యి బాగా తిరిగింది కదా మామా."

ఆయన తలూపాడు. మొదట్లో యంత్రాలు త్వరగానే బయటికి వెళ్ళాయి. తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. ఎవరినడిగినా పక్క బల్ల చూపించేవారు.

ఒకరోజు కళుగుమలైలో పళ్ళచక్రాల మీది రేకు మూత ఊడిపోయి, మేం పంపిన యంత్రం దగ్గర కూర్చున్న ఒకామె రెండు వేళ్ళు పోయాయి. యంత్రపు చట్రంలో ఆ మూత బోల్టు దిగే మర మొదటినుంచీ చెడి ఉందని తేలింది. యజమాని అందరినీ వరసగా నిలబెట్టి అడిగాడు. మామ ముందుకొచ్చి తప్పు తనదేనని తమిళంలో ఒప్పుకున్నాడు. తర్వాత గేటు దగ్గర నాకు తెలుగులో చెప్పాడు.

"చట్రం నా బల్లకు వచ్చినప్పుడే ఆ మర చూసినా. నా పని కాదు కదా అని ముందుకు తోసినా. ఇన్నేండ్లలో అట్ల ఎప్పుడూ చెయ్యలేదమ్మా."

"తప్పు మీ ఒక్కరిదే కాదు మామా."

"వేళ్ళు మాత్రం ఆమెవే పోయినాయి," అన్నాడు.

మర్నాటినుంచి ఆయన రాలేదు. బల్లలు తీయించి పాత పద్ధతే పెట్టించాక, పిలవడానికి ఇంటికి వెళ్ళాను. "ఇంక మిషన్ ముట్టనమ్మా," అన్నాడు. రెండేళ్ళకు పోయాడు.

ఇప్పుడు ఎవరికి ఏ పని పంచినా, అది చివరికి చేరే మనిషి దగ్గరికి ముందు వాళ్ళను తీసుకెళ్తాను. అందుకు నన్ను మెచ్చుకుంటారు. ఆ రోజు యజమాని నిలబెట్టిన వరసలో నేనూ ఉన్నాను. పనిని అలా ముక్కలు చేసింది నేనేనని ఒక్క మాట అనలేదు. మామ కూడా నా వైపు చూడలేదు.