అన్నయ్య కోటు కొలత

ఆ వీధి టైలరమ్మకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పొద్దున గుడ్డ ఇచ్చి సాయంత్రానికి కోటు కావాలనేవాళ్ళూ, కొలతలిచ్చాక లావెక్కి కుట్టు బాగాలేదనేవాళ్ళూ ఉండగా ఆమె నోటికి విశ్రాంతి ఎక్కడిది? వాళ్ళందరినీ తలదన్నినవాడు స్మారక సంఘం కార్యదర్శి. మైకు దొరికితే వదలడని ఊరంతా అతణ్ణి మైకు అనే పిలుస్తారు.

ఆమె అన్నయ్య యుద్ధంలో బాంబర్ విమానం నడిపాడు. బాంబులు వేసి తిరిగొస్తుండగా శత్రువులు విమానాన్ని కూల్చేశారు. అప్పటికి ఆమె బడికెళ్ళే పిల్ల. మనిషి రాలేదు, అతని యూనిఫాం కోటున్న పెట్టె వచ్చింది. అమ్మ దానికి తాళం వేసింది. అమ్మ పోయాక తాళంచెవి ఈమె చేతికొచ్చినా, దుమ్ము దులపడమే తప్ప ఎన్నడూ తెరవలేదు. కోట్లు కుట్టి బతికిన మనిషి ఆ ఒక్క కోటు జోలికి మాత్రం పోలేదు.

ఇప్పుడు సంఘం హాల్లో అన్నయ్య బొమ్మ నిలబెడతారట. మైకు బట్టల కొట్టులో ఓ పాత బొమ్మను అడిగి తెచ్చి ఆమె దుకాణంలో దించాడు.

"దీనికి యూనిఫాం కుట్టిపెట్టండి పెద్దమ్మా. రేపు సాయంత్రమే ప్రారంభోత్సవం."

"రేపా! ముందు చెప్పడానికి నోరు రాలేదా?" అంటూ ఆమె బొమ్మ చుట్టూ తిరిగింది. దానికి నడుం మీద చెయ్యి, మూతి మీద నవ్వు. అన్నయ్యను ఎరిగినవాళ్ళలో తనొక్కతే మిగిలింది. రేపటినుంచి చూసేవాళ్ళకు ఈ చెక్కమొహమే అన్నయ్య అయిపోతుంది.

"ఇలా పుల్లలా ఉండేవాడా మా అన్నయ్య? గుమ్మం నిండుగా ఉండేవాడు. నన్ను ఒంటిచేత్తో ఎత్తి అటక మీద కూచోబెట్టేవాడు."

"పోనీ, పెట్టెలో కోటు తీస్తే కొలత తెలుస్తుందిగా?"

"మా అన్నయ్య కొలత నాకు చెప్పొచ్చావా? పో, పో!"

టేపు లేనిదే జేబురుమాలు కూడా కత్తిరించని మనిషి, ఈ కొత్త కోటుకు టేపు ముట్టుకోలేదు. ఆ భుజాలను తలుచుకుంటూ కత్తెర ఆడించింది.

మర్నాడు తొడిగితే, కోటు చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడింది. "వెధవ బొమ్మ!" అని లోపల గుడ్డపేలికలు కుక్కింది. ఛాతీ పొంగింది కానీ భుజాలు జారుతూనే ఉన్నాయి.

"సింహంలా ఉన్నారు పెద్దమ్మా!" అన్నాడు అప్పుడే వచ్చిన మైకు.

"ఏటా సభలో ఇదే పాట! చెప్పులెక్కడ విడిచాడో గుర్తుండని సింహం. ఏ పనీ పూర్తిచేసే అలవాటు లేదు, సగంలో నాకొదిలేసేవాడు. చివరికి అమ్మను కూడా నాకే వదిలేసి చక్కా పోయాడు."

ఇక గుండీలు కుట్టాలి. మైకు తెచ్చినవి బ్యాండు వాళ్ళ గుండీల్లా తళతళలాడుతున్నాయి. అసలువి ఎలా ఉండేవో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మైకునీ, బొమ్మనీ, అన్నయ్యనీ కలిపి తిట్టుకుంటూ పెట్టె తాళం తీసింది.

కోటు దులిపి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. వేరేవాళ్ళది పంపించారేమో అనుకుంది. మెడ లోపల చూసింది. సెలవుకొచ్చినప్పుడు అమ్మ కుట్టిన ఎర్రదారం గుర్తు అక్కడే ఉంది.

పెద్దకోటు విప్పించి దాన్ని బొమ్మకు తొడగబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది. చిరాకు పట్టలేక తానే చేతులు దూర్చింది. కోటు చేతులు సరిగ్గా ఆమె మణికట్టు దగ్గర ఆగాయి. గుండీలు పడ్డాయి. వయసుకు కుంగి, బల్ల పట్టుకుంటే తప్ప నిలబడలేని ముసలమ్మకు ఆ కోటు కొలిచి కుట్టినట్టుంది.

మైకు గొంతు తగ్గించాడు. "పోనీ పెద్దమ్మా, ఆ పెద్దకోటే ఉంచేద్దామా? ఎవరికి తెలుస్తుంది?"

ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"నోరుముయ్యి! బొమ్మను కొట్టువాడికి ఇచ్చెయ్. సాయంత్రం ఈ కోటొక్కటే కొయ్యకు తగిలించు, ఎంత మనిషో అందరూ చూస్తారు. నా అంతే ఉన్నాడయ్యా! అప్పుడు నేను చిన్నదాన్ని, నాకేం తెలుసు? పెద్దవాళ్ళంతా ఏం చూశారు? ఇంత పిల్లాడి చేతికి అంత విమానం ఎవడిచ్చాడు?"