ఫైనల్ అంటే సెలవులే అనుకున్నాను

మా చిన్నప్పుడు... వంటింట్లో కుళాయి కారితే అమ్మ దాని కింద సత్తు గిన్నె పెట్టి, "లింగయ్య మామయ్యని పిలుచుకురావే" అనేది. నేను చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తేదాన్ని...

కుళాయి, సత్తు గిన్నె అన్నానని ఇదేదో కాకినాడ కథ అనుకునేరు. సౌదీలో, సముద్రం పక్కనున్న జుబైల్. అమ్మ అక్కడ ఆసుపత్రిలో నర్సు. నాన్నకి రియాద్‌లో ఉద్యోగం, సెలవురోజుకి వచ్చి వెళ్ళేవారు. లింగయ్య మామయ్య మా క్వార్టర్సుకి సబ్బాక్... అంటే పైపులూ కుళాయిలూ బాగుచేసేవాడు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. మాకు చుట్టమేమీ కాదు. అమ్మ "తమ్ముడూ" అని పిలిచింది కాబట్టి నాకు మామయ్య అయ్యాడు.

పని అయిపోయాక సాయంత్రం నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళేవాడు. చేపల పడవలు వచ్చే వేళ... వలలు దులుపుతుంటే చూస్తూ కూర్చునేవాళ్ళం.

"ఈ సముద్రం అవతల మన ఊరుందా మామయ్యా?"

"ఏమో బిడ్డా, నాకు విమానం తొవ్వే తెల్సు."

ఆయన సౌదీ వచ్చాక ఊళ్ళో కూతురు పుట్టింది. పేరు పద్మ. మూడేళ్ళు నిండాయి, ఇంకా కళ్ళతో చూడలేదు. జేబులో ఫొటో ఉండేది. నాకు ఎన్నిసార్లు చూపించాడో, ఆ పిల్ల గౌను మీద పువ్వులు ఎన్నో కూడా నాకు తెలుసు.

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగిన ఏడాది అది... మా ఊళ్ళో కిటికీలకి టేపులు అంటించారు, విషవాయువు వదిలితే మొహానికి పెట్టుకోమని మాస్కులు పంచారు. క్లాసులో అందరికంటే ముందు మాస్కు తగిలించుకోవడం నేర్చుకున్నానని నేను గొప్పలు కూడా పోయాను. పెద్దవాళ్ళ మొహాలు చూస్తే మాత్రం భయమేసేది.

చలికాలం మొదట్లో మామయ్య కంపెనీవాళ్ళు, ఊరెళ్ళాలనుకునేవాళ్ళు రాసివ్వండని ఫారాలు పంచారు. ఆ సాయంత్రమే ఇచ్చెయ్యాలట. అమ్మ డ్యూటీలో ఉంది. మామయ్యకి సంతకం తప్ప ఏమీ రాయడం రాదు.

"నువ్వు ఇంగ్లీషు సదువుతున్నవ్ గద బిడ్డా, జర నింపియ్యి. ఒక్క నెల ఛుట్టీ. పోరి మొకం జూసి మళ్ల అస్త."

మూడో తరగతి చదువుతున్న నేను తగుదునమ్మా అని పెన్ను తీశాను. పేరు రాశాను. ఇకామా... అంటే అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు పత్రం, అది చూసి నంబరు రాశాను. కింద రెండు గళ్ళున్నాయి. ఒకటి 'ఎగ్జిట్ రీ-ఎంట్రీ'. రెండోది 'ఫైనల్ ఎగ్జిట్'.

రీ-ఎంట్రీ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఫైనల్ నాకు బాగా తెలుసు. ఫైనల్ పరీక్షలైతే సెలవులిస్తారు, సెలవులైపోతే మళ్ళీ అదే బడికి వస్తాం... ఇంకేం, ఫైనల్ గడిలో టిక్కు పెట్టేశాను.

"సెలవులంటే ఇదే మామయ్యా" అన్నాను.

"నువ్వు కలెక్టరైతవ్ బిడ్డా" అంటూ కింద సంతకం పెట్టాడు.

వెళ్ళే రోజు అమ్మ పద్మకి కొత్త గౌను ఇచ్చి పంపింది. గుమ్మంలో ఆయన "ఇగ పోత సిస్టరమ్మా" అన్నాడు.

"పోతాననకూడదు తమ్ముడూ. వెళ్ళొస్తానను."

"పోయొస్త" అని దిద్దుకున్నాడు. నాకు మక్కపేలాలు తెస్తానని మాటిచ్చాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. సైరన్ మోగితే అమ్మా నేనూ తలుపు సందులకి తడిగుడ్డ కుక్కి ప్రార్థన చేసుకునేవాళ్ళం. సముద్రం మీద ముడినూనె తేలి వచ్చింది... మేము కూర్చునే చోటంతా నల్లగా అయిపోయింది. రెక్కలు విప్పలేక పక్షులు అక్కడే పడి ఉండేవి. పడవలు ఆగిపోయాయి. మా కుళాయి మళ్ళీ కారడం మొదలుపెట్టింది. మామయ్య వచ్చాక చేస్తాడులే అని అమ్మ గిన్నె పెట్టింది.

యుద్ధం అయిపోయింది. నా పరీక్షలూ అయ్యాయి, సెలవులూ అయ్యాయి. మామయ్య రాలేదు. ఓ రోజు కుళాయి బాగుచెయ్యడానికి ఓ పాకిస్తానీ వచ్చాడు. లింగయ్య ఏడని అమ్మ అడిగింది.

"వో తో ఫైనల్ పే గయా సిస్టర్. అబ్ నహీ ఆయేగా."

ఇక రాడట. "అదేంటి, నెల సెలవన్నాడే" అంటోంది అమ్మ. ఫైనల్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

కొన్నాళ్ళకి మామయ్య ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చింది. 'నేనేం తప్పు జేసిన్నో జర అడుగుండ్రి సిస్టరమ్మా. పనిలకెల్లి ఎందుకు తీసేసిండ్రో తెలుస్తలేదు. దొంగతనం జేసిండని ఊళ్లె అనుకుంటున్నరు.' అమ్మ ఆఫీసుకెళ్ళి అడిగింది. ఫైనల్ అని ఆయనే ఫారంలో టిక్కు పెట్టి ఇచ్చాడన్నారు. అమ్మ ఆ మాటే జవాబు రాసింది.

ఆయన దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది, అదే ఆఖరిది. అమ్మ పైకి చదివింది. 'అవు సిస్టరమ్మా, యాదికొచ్చింది. నేనే నా చేత్తోని తప్పు రాసుకున్న. బిడ్డను మంచిగ సదివియ్యుండ్రి.'

"వాడికి రాయడమే రాదు కదే..." అంది అమ్మ. నావైపు చూసింది. నేను కుళాయి వైపు చూశాను. అమ్మ ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. పిరికిదాన్ని.

ఇప్పుడు వీసా ఫోనులోనే వచ్చేస్తోంది. అర్థం కాకపోతే ఎవరికైనా ఫొటో తీసి పంపి అడగొచ్చు... ఒడ్డున నూనె ఎప్పుడో పోయింది, పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. నాకు మాత్రం ఏ ఫారం నింపాలన్నా ఈనాటికీ చెయ్యి ఆడదు.

మీ ఇంట్లోనూ చుట్టం కాని మామయ్య ఎవరైనా ఉంటే కింద రాయండి, చదువుకుంటాను. జగిత్యాల వైపు వాళ్ళుంటే ఈ నాలుగు ముక్కలూ పద్మకి చేర్చండి...

పద్మా, మీ నాన్న దొంగతనం చెయ్యలేదమ్మా. తప్పూ రాయలేదు. ఆ టిక్కు పెట్టింది నేను.